యూరియా బకెట్టు, మా చూడి గేదె

పోయినేడాది వరికి పిచికారీ చేద్దామని బకెట్లో యూరియా కరిగించి, స్ప్రేయర్ కోసం ఇంట్లోకెళ్లా. వచ్చేసరికి గేదె పలుపు తెంపుకుని సగం తాగేసింది. గంట కూడా కాలేదు... వణుకు, నోట్లో నురగ, పొట్ట ఉబ్బరం. పశువుల డాక్టరు గారు వచ్చేలోపే పోయింది.

"మనం చేలో చల్లేదే కదా సార్, ఇంత విషమా?" అన్నాను.

నీళ్లలో యూరియా తనంతట తాను విడిపోవాలంటే ఏళ్లు పడుతుందట. పశువు పెద్దపొట్టలో ఉండే సూక్ష్మజీవుల దగ్గర యూరియేజ్ అనే ఎంజైమ్ ఉంది. అది అదే పనిని కోటి కోట్ల రెట్లు వేగంగా చేసి యూరియాని అమ్మోనియాగా మార్చేస్తుంది. పోనీ అది అరిగిపోతుందా అంటే, లేదు. ఒకదాన్ని విడగొట్టి వదిలేసి ఇంకోదాన్ని పట్టుకుంటుంది.

అమ్మోనియా కొద్దికొద్దిగా పుడితే సూక్ష్మజీవులే దాంతో మాంసకృత్తులు తయారు చేసుకుంటాయి, పశువుకీ మేలే. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా వేసి మాగబెట్టి మేపుతున్నాం కదా! ఒక్కసారిగా పుడితే మాత్రం కాలేయం తట్టుకోలేదు, రక్తంలోకి ఎక్కేస్తుంది.

వెంటనే డాక్టరుకి ఫోన్ చేయాలి. ఆయన గొట్టంతో బాగా చల్లటి నీళ్లు, వెనిగర్ పొట్టలోకి పంపిస్తారు. చల్లదనానికి ఎంజైమ్ నెమ్మదిస్తుంది, పులుపుకి అమ్మోనియా రక్తంలోకి ఎక్కడం తగ్గుతుంది. మనం గొంతులో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

ఆ రోజు నేను కంగారులో పోసింది గోరువెచ్చని నీళ్లు.