కూతవేటు దూరంలో

కాశీకి రెండుసార్లు వెళ్ళాను. రామేశ్వరానికి ఒకసారి వెళ్ళాను. పద్దెనిమిదేళ్ళుగా హనుమకొండలో కాపురముంటూ, ఏటా పిల్లలకు పోతనగారి పద్యాలు పాఠం చెబుతూ, బమ్మెర మాత్రం చూడలేదు. కాశీకైతే సెలవు పెట్టాలి, టిక్కెట్టు కొనాలి. బమ్మెరకేమండీ, ఎప్పుడైనా వెళ్ళవచ్చు! ఆ ‘ఎప్పుడైనా’ అనే రోజు ఏ పంచాంగంలోనూ రాదని మొన్న సంక్రాంతి వెళ్ళిన వారంలో తెలిసివచ్చింది.

తెలిసినాయన ఒకరు బస్సు మాట్లాడి, “జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి. మూడు జిల్లాలు, రెండు రోజులు. ఒక్క సీటు మిగిలింది, వస్తరా సారూ?” అని అడిగారు. 2016లో జిల్లాలు విడదీసేదాకా ఈ ప్రాంతంలో ఎక్కువ భాగం మా వరంగల్లు జిల్లాయే. సరేనన్నాను.

బస్సెక్కి చూస్తే అన్నీ కొత్త ముఖాలే. నా పక్కన ఒక పెద్దమనిషి కూర్చున్నారు. భూపాలపల్లి బొగ్గుగనిలో పనిచేసి, ఉద్యోగ విరమణ తరువాత హనుమకొండలో కొడుకు దగ్గర ఉంటున్నారట. ముందు సీటులో బయ్యారం వైపు అవ్వ ఒకామె, ఒడిలో సకినాల డబ్బా పెట్టుకుని కూర్చుంది. స్టేషన్ ఘనపూరు దాటేలోగా ఆ డబ్బా బస్సంతా తిరిగింది. జనగామ వచ్చేసరికి అవ్వ అందరికీ అవ్వ అయింది, నేను అందరికీ తెలుగు సారునయ్యాను.

జనగామ దాటి పెంబర్తిలో ఆగాము. ఇక్కడి విశ్వకర్మలు ఇత్తడి రేకును సుత్తితో మలచి దేవతా రూపాలు, ధ్వజస్తంభపు తొడుగులు చేస్తారు. ముందువైపు నుంచి చూస్తే పువ్వు, వెనుకవైపు చూస్తే దెబ్బలు. మా గని పెద్దాయన వెనుకవైపే చాలాసేపు చూశారు.

అక్కడినుంచి వెనుదిరిగి పాలకుర్తి దారి పట్టాము. రోడ్డుకు ఇరువైపులా తాళ్ళు, ఏరివేసిన పత్తిచేలు, మధ్యమధ్య యాసంగి నాట్ల పచ్చదనం. పాలకుర్తి గుట్ట మీద గుహలో సోమేశ్వరుడు, లక్ష్మీనరసింహుడు ఇద్దరూ కొలువున్నారు. జాను తెనుగులో ద్విపద కట్టి బసవపురాణం వ్రాసిన సోమనాథుడి ఊరు ఇది. తన పంట గింజల కోసం విసునూరు దేశముఖుకు ఎదురు నిలిచి, 1985లో కన్నుమూసిన చాకలి ఐలమ్మ ఊరూ ఇదే. దగ్గరలోని కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు బలికావడంతో సాయుధ పోరాటం రాజుకుంది. ఈ సంగతులన్నీ నేను చెబుతూ ఉంటే బస్సులోవాళ్ళు వింటున్నారు. నాకు కొంచెం గర్వంగానే ఉంది.

ఆ గర్వం బమ్మెర దాకానే నిలిచింది.

పోతనగారిదని ఊరివాళ్ళు ఒక బావిని చూపిస్తారు. భాగవతాన్ని రాజులకు అంకితమివ్వనని, నాగలి పట్టి బతికిన కవి అని నేను మొదలుపెట్టానో లేదో, అవ్వ బావిలోకి తొంగిచూసి, “సారూ, ఆయన ఏం పంట ఏసిండు?” అని అడిగింది.

నేను నోరు తెరిచి మళ్ళీ మూశాను. పద్దెనిమిదేళ్ళలో ఒక్క విద్యార్థీ ఆ ప్రశ్న అడగలేదు. నాకూ తోచలేదు. అవ్వ వంగి మట్టి చేతిలోకి తీసుకుని నలిపింది. “నీళ్ళు లేకుంటే ఇది తిండి పెట్టదు. బాయి తవ్వుకున్నడంటే కష్టం చేసిన మనిషే” అన్నది. పోతన రైతని నేను చెప్పిన పాఠాలన్నింటికన్నా ఆ మాట బాగున్నది.

తొర్రూరు మీదుగా మహబూబాబాదు చేరేసరికి కళ్ళాలలో ఎర్రటి మిరపకాయలు తివాచీల్లా పరచి ఉన్నాయి. బస్సంతా ఒకటే తుమ్ములు! కురవిలో వీరభద్రస్వామిని దర్శించుకుని, పొద్దువాలే వేళకు బయ్యారం చెరువు కట్ట ఎక్కాము. అవ్వ చెప్పు విడిచి కట్టకు దండం పెట్టింది. నలభైయేళ్ళు ఈ నీళ్ళకింద నాట్లు వేసిందట.

“అవ్వా, ఈ చెరువు ఎవరు తవ్వించారో తెలుసా?” అని అడిగాను.

“రాజులు తవ్విచ్చిండ్రంటరు. రాతి మీద రాసి ఉన్నదట.”

“రాజు కాదు. రాజుగారి చెల్లెలు. కాకతి గణపతిదేవుని తోబుట్టువు మైలాంబ. ధర్మకీర్తి సముద్రమని పేరు పెట్టింది. కాకతీయుల పూర్వీకుల పేర్లు వెన్నుడు మొదలుకొని వరుసగా మనకు తెలియడం ఆమె వేయించిన శాసనం చలువే.”

అవ్వ చాలాసేపు నీళ్ళవంకే చూసింది. “ఆడిమనిషా!” అన్నది చివరికి. “నలభైయేండ్లు ఆమె పెట్టిన కూడు తిన్న, పేరు తెల్వకపాయె.” బమ్మెరలో పడిన బాకీ కొంత తీరిందనిపించింది నాకు.

రాత్రి మహబూబాబాదులో బసచేసి, మర్నాడు గూడూరు, నర్సంపేట, మల్లంపల్లి దాటి గణపురం చేరాము. రామప్ప గుడికి 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది కాబట్టి జనమంతా అటే వెళతారు. ఇటు గణపేశ్వరాలయం, చుట్టూ చిన్న గుళ్ళు, అన్నీ కలిపి కోటగుళ్ళు, నిశ్శబ్దంగా ఉంటాయి. అందరూ దిగారు. గని పెద్దాయన మాత్రం కదలలేదు.

“మా పక్క ఊరే కదా సారూ, ఎప్పుడన్న చూస్త.”

“నేను కూడా బమ్మెర సంగతి అట్లాగే అన్నాను” అన్నాను.

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ నెమ్మదిగా చెప్పారు. ఆయన భార్య ప్రతి శివరాత్రికీ కోటగుళ్ళకు పోదామని అడిగేదట. ఎప్పుడూ డ్యూటీయే. ఎప్పుడన్న పోదామనేవారట. నిరుడు ఆమె వెళ్ళిపోయింది.

ఏమనాలో తోచక నేనూ పక్కనే కూర్చున్నాను. అవ్వ వెనక్కి వచ్చి, “లే బిడ్డా, ఆమె పేరు మీద కొబ్బరికాయ కొడుదువు గని” అని చెయ్యి పట్టుకు దింపింది.

గుడిలో అడుగు పెట్టగానే మేమంతా ఏనుగు మీద నిలిచిన సింహాన్ని చూస్తుంటే, ఆయన తలెత్తి పైకప్పు చూశారు. గనిలో దిగగానే ముందు కప్పు చూడాలట, కర్రతో తట్టి దాని మోగుడు వినాలట. స్తంభం మీద అరచేయి వేసి, “ఎన్ని వందల ఏండ్లాయె, ఈ దిమ్మె ఇంకా బరువు మోస్తున్నది” అన్నారు. తరువాత, “నేను పనిచేసింది కాకతీయ గని. బోర్డు మీద రోజూ చదివిన. కాకతీయులు ఈడనే ఉన్నరని అనుకోలే” అని చిన్నగా నవ్వి, కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు. కొబ్బరికాయ కొట్టారు. ముక్కలు అవ్వ పంచింది.

చెల్పూరులోని కరెంటు కేంద్రం పొగగొట్టాలు, భూపాలపల్లి గనులు, ఆ పైన మహదేవపూరు అడవి దాటి సాయంత్రానికి కాళేశ్వరంలో ఉన్నాము. ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, ఒకటి కాలుడు, ఒకటి ముక్తేశ్వరుడు. రేవుకు దిగితే గోదావరిలో ప్రాణహిత కలుస్తున్నది. ముగ్గురమూ మెట్ల మీద కూర్చుని మిగిలిన సకినాలు నములుతూ చీకటి పడేదాకా చూశాము.

నిన్న పొద్దున ఒకరికొకరం తెలియదు. మళ్ళీ హనుమకొండలో బస్సు దిగేటప్పుడు అవ్వ, “మిరప ఏరుడు అయిపోయినంక ఇంటికి రా సారూ, ఎప్పుడన్న అనకు, దినం చెప్పు” అన్నది.

శివరాత్రి మర్నాడు వస్తామని చెప్పాము. శివరాత్రి నాడు పెద్దాయన, నేను కోటగుళ్ళకు వెళుతున్నాము.