కడుపులో కాపురం

మనం తిన్నదంతా మన ఒంటికే పోతుందనుకుంటాం. నిజానికి అందులో మనకు అరగని పీచు కొంత ఉంటుంది. అది పెద్దపేగు చేరి, అక్కడ కాపురముంటున్న కోటానుకోట్ల సూక్ష్మజీవులకు మేతవుతుంది. మేలుచేసే జీవులను ఇలా ఎంచి పోషించే పదార్థాలకు 1995లో గిబ్సన్, రోబర్‌ఫ్రాయిడ్ అనే శాస్త్రజ్ఞులు ‘ప్రీబయోటిక్’ అని పేరు పెట్టారు. మేత తిన్న గేదె పాలిచ్చినట్లు, ఆ జీవులు పీచును పులియబెట్టి బ్యుటిరేట్ వంటి ఆమ్లాలను ఇస్తాయి. పెద్దపేగు లోపలిపొర కణాలకు ముఖ్యమైన ఇంధనం ఈ బ్యుటిరేటే.

మా అవ్వకు మలబద్ధకమంటే మందులషాపాయన మా నాయన చేతిలో ఒక పొడి డబ్బా పెట్టాడు. ఒక రోజు కూలి డబ్బు దానికే పోయింది. సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు డబ్బా మీది చీటీ చదివాను. చికోరీ వేరునుంచి తీసిన ఇన్యులిన్ అని ఉంది. ఆ ఇన్యులిన్ ఉల్లిగడ్డలోనూ వెల్లుల్లిలోనూ ఉంటుంది. ఆ ఏడే ధర లేక మా ఉల్లిచేలోకి గొర్రెలను తోలినారు. ఈ సంగతి చెబితే నాయన నవ్వలేదు. “మనం అమ్మేటప్పుడు లేని విలువ, కొనేటప్పుడు యాడనుంచి వచ్చెరా?” అన్నాడు.

అలాగని డబ్బా మోసమనడం న్యాయం కాదు. అంత ఇన్యులిన్ ఉల్లినుంచే రావాలంటే రోజూ చాలా గడ్డలు తినాలి. కానీ అది త్వరగా పులిసి గాలి పుట్టిస్తుంది, కొద్దికొద్దిగా మొదలుపెట్టాలి. ఆ మాట చెప్పినవాళ్ళు లేక అవ్వకు కడుపుబ్బరం పట్టుకుంది. తర్వాత చూసిన డాక్టరమ్మ ఇసబ్‌గోల్ పొట్టు రాసింది. అది అంతగా పులియదు. నీళ్ళు పట్టి ఉబ్బి మలాన్ని మెత్తబరుస్తుంది. అందుకే నిండు గ్లాసు నీళ్ళతో తాగాలి. పీచు అన్న పేరు ఒకటే, చేసే పని వేరు. ఇక మలంలో రక్తం పడితే ఏ పొడితోనూ కాలయాపన చేయరాదు, వైద్యుని చూడాలి.

జబ్బు లేనివారికి డబ్బాతో పనేమిటి? జొన్నరొట్టె, అలసందలు, కందిపప్పు, ఆకుకూరలు చాలవా? చల్లారిన అన్నంలో కూడా కొంత పిండిపదార్థం అరగని రకంగా మారుతుంది. చద్దన్నానికి ఆ గౌరవమూ దక్కాలి. మన హాస్టల్లో మాత్రం మూడు పూటలా తెల్లన్నం, పలుచని సాంబారు. యూనియన్ నాయకులకు ఒక విన్నపం: వారానికి రెండు పూటలైనా జొన్నరొట్టె, అలసందల కూర పెట్టించండి. పండించేవాళ్ళ పిల్లలం ఇక్కడ చాలామందిమే ఉన్నాం. మా ఇళ్ళవాళ్ళకూ నాలుగు బస్తాలు అమ్ముడుపోతాయి.