సంపాదకుని కుర్చీ, బాలింత కన్నీరు

ఏ వైద్య పత్రిక చేతికి వచ్చినా నేను వ్యాసాలకన్నా ముందు సంపాదకవర్గం పేర్లు చదువుతాను. ఎవరు దిగిపోయారు, ఎవరు వచ్చారు అని చూస్తాను. పదవీ విరమణ చేసిన వాడికి పదవుల మీద ఇంకా ఇంత ఆసక్తి ఏమిటని మిత్రులు నవ్వుతారు. ఆ అలవాటు వెనుక నా పొరపాటు ఒకటి ఉన్నది. ఈనాటి విషయం చెప్పాలంటే ముందు దానిని ఒప్పుకోవాలి.

సుమారు ముప్ఫై ఏళ్ల క్రితం నేను ఒక జిల్లా ఆసుపత్రిలో పనిచేస్తూ, అక్కడి వైద్యుల సంఘం వెలువరించే చిన్న పత్రికకు సంపాదకునిగా ఉండేవాడిని. ఏటా ఎన్నిక జరగాలి. ఏటా అందరూ “మీరే ఉండండి సార్” అనేవారు, నేనూ ఉండిపోయేవాడిని. అలా పదకొండేళ్లు గడిచాయి. దానిని సేవ అనుకున్నానే గాని, మరొకరికి రావలసిన చోటు అని ఎన్నడూ అనుకోలేదు.

ఒకనాడు ప్రసూతి విభాగంలోని ఒక యువ వైద్యురాలు నాలుగు పేజీల వ్యాసం తెచ్చి ఇచ్చింది. విదేశాలలో తయారైన పది ప్రశ్నలను ఆమె తెలుగులోకి మార్చి, నలభై మంది బాలింతలను అడిగి, వారి సమాధానాలను క్రోడీకరించింది. నేను పైపైన చూసి, “ఇందులో రక్తపరీక్ష లేదు, స్కానింగు లేదు. పురిటిలో ఆడవాళ్లు కంటతడి పెట్టడం సహజమే కదమ్మా” అన్నాను. “అందరం సహజమనే అనుకుంటున్నాం సార్, అందుకే రాశాను” అన్నదామె. ఆ కాగితాలు నా సొరుగులో ఉండిపోయాయి.

కొన్ని నెలలకు, ప్రాణం తీసుకోబోయిన ఒక తల్లిని మా ఆసుపత్రికి తెచ్చారు. అయిదు వారాల పసికందు అమ్మమ్మ ఒడిలో ఉన్నాడు. ఆ తల్లి మాకు దక్కలేదు. ఆ రాత్రి ఆమె పాత కేసు షీటు తెప్పించి చూశాను. రక్తపోటు, హిమోగ్లోబిన్, కుట్లు అన్నీ నమోదై ఉన్నాయి. చివర “తల్లీబిడ్డా క్షేమం” అని ఉన్నది. ఆమె మనసు ఎలా ఉన్నదో ఎవరూ అడిగిన గుర్తు లేదు. అడగాలని రాసిన వ్యాసం మాత్రం నా సొరుగులో ఉన్నది.

ఆ పది ప్రశ్నల పుట్టుపూర్వోత్తరాలు నేను తరువాత చదివి తెలుసుకున్నాను. ప్రసవానంతర మనోవ్యాధుల మీద ఫ్రాన్సులో లూయీ విక్టర్ మార్సే 1858లోనే గ్రంథం రాశాడు. అయినా శతాబ్దం పైబడి ఈ విషయానికి స్థిరమైన వేదిక లేకపోయింది. ప్రసూతి వైద్యులు గర్భాశయాన్ని, పిల్లల వైద్యులు శిశువును, మానసిక వైద్యులు ఆసుపత్రిలో చేరిన రోగిని చూసేవారు. ఇంట్లో మౌనంగా కుమిలే తల్లి ఎవరి పరిధిలోకీ రాలేదు. 1980లో బ్రిటన్‌లో ‘సొసైటీ ఫర్ రీప్రొడక్టివ్ అండ్ ఇన్‌ఫెంట్ సైకాలజీ’ ఏర్పడి, 1983 నుంచి తన పత్రికను వెలువరించడంతో ఆ లోటు కొంత తీరింది.

ఆ కాలంలోనే, లోగడ ఉగాండాలో గర్భిణుల మానసిక స్థితిని పరిశీలించిన డాక్టర్ జాన్ కాక్స్, తన సహచరులతో కలిసి ఎడిన్‌బరో ప్రశ్నావళిని రూపొందించి 1987లో ఒక మానసిక వైద్య పత్రికలో ప్రచురించారు. పాత ప్రశ్నావళులు నిద్ర పట్టడం లేదా, అలసటగా ఉందా అని అడిగేవి. పసిబిడ్డ ఉన్న ఏ తల్లికి ఆ రెండూ ఉండవు? అందుకని వీరు గడచిన ఏడు రోజులలో మనసు ఎలా ఉన్నదో మాత్రమే అడిగారు. రెండేళ్లకు అదే బృందం మరొక సంగతి చూపింది. ఆరోగ్య కార్యకర్తలు వారానికొకసారి ఇంటికి వెళ్లి, తల్లి చెప్పేది ఓపికగా విన్నారు. అలా విన్న 26 మందిలో 18 మంది మూడు నెలలలో కోలుకున్నారు. ఆ తోడు దొరకని 24 మందిలో కోలుకున్నవారు 9 మంది.

ఇలాంటి సంస్థలలో అధ్యక్షులూ సంపాదకులూ కొంతకాలం పనిచేసి తప్పుకుంటారు. పగలు సొంత ఉద్యోగం చేసుకుని, రాత్రివేళ ఇతరుల రాతప్రతులు చదవడమే చాలావరకు ఆ పదవి. అయినా ఆ మార్పు చిన్నది కాదు. సంపాదకుడు ఏ ప్రశ్నను అచ్చుకు అర్హమనుకుంటాడో, కొన్నేళ్లకు వైద్యుడు రోగిని అదే ప్రశ్న అడుగుతాడు. ప్రసవానంతర కుంగుబాటుతో పాటు సంతానలేమి, గర్భస్రావ దుఃఖం, ప్రసవ భయం, తండ్రుల మానసిక స్థితి నేడు ఈ శాస్త్రంలో చోటు చేసుకున్నాయి. కొత్తవారు తమ ప్రశ్నలతో రావడం, పాతవారు చోటివ్వడం లేకుండా ఏ శాస్త్రమూ ఇంత విస్తరించదు. ఒకరే పాతుకుపోతే వారికి కనబడనిది పత్రికకూ కనబడదు. నా విషయంలో జరిగినది అదే.

ఆ యేడు నేను సంపాదకత్వం వదులుకున్నాను. నా చివరి సంచికలో మొదటి పేజీన ఆమె వ్యాసాన్ని వేశాను. బదిలీపై వెళ్లిన ఆమెకు సంచిక పంపి, క్షమాపణ కోరుతూ ఉత్తరం రాశాను. “ఇప్పటికైనా వేశారు సార్” అని ఒక్క వాక్యం జవాబు వచ్చింది.

మన దేశంలో 38 అధ్యయనాలను సమీకరించి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, బాలింతలలో సుమారు 22 శాతం మందిలో కుంగుబాటు కనిపించింది. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో తల్లీబిడ్డలను విడదీయకుండా చికిత్స చేసే ప్రత్యేక విభాగం 2009లో మొదలైంది. అందరూ అంత దూరం వెళ్లనవసరం లేదు. పురుడైన మొదటి రోజులలో కన్నీరు రావడం మామూలే. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోయినా, బిడ్డ మీద ఆసక్తి లేకపోయినా, తాను పనికిరానిదాన్నన్న మాట పదేపదే వినిపించినా వైద్యుని చూడాలి. మాటలు పొంతన తప్పితే, లేనివి వినబడుతున్నాయంటే, చనిపోవాలనో బిడ్డకు హాని చేయాలనో తలపు వస్తే అది అత్యవసరం. ఆ తల్లిని ఒంటరిగా వదలక, గాలి సోకిందని కాలం గడపక, ఆ పూటే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోన్ చేసి సలహా పొందవచ్చు.

మన ఇళ్లలో పురిటి మంచం దగ్గరకు వచ్చిన ప్రతివారూ “బిడ్డ ఎలా ఉన్నాడు?” అని అడుగుతారు. ఈసారి వెళ్లినప్పుడు తల్లి పక్కన కాసేపు కూర్చుని, “నీ మనసు ఎలా ఉందమ్మా?” అని అడగండి. ఆమె చెప్పేది పూర్తయ్యేదాకా వినండి.