నింటెండో వద్దన్న మారియో

ఎండాకాలం సెలవుల్లో టీవీకి వీడియోగేమ్ తగిలించుకుని కూర్చున్న తరమైతే మీకు మారియోని నేను పరిచయం చెయ్యక్కర్లేదు. మీసాలాయన గెంతుకుంటూ కుడివైపు పోతుంటే వెనకాల కొండలూ మబ్బులూ మెత్తగా జారిపోతుంటాయి చూడండీ, ఆ జారుడే ఇవాళ్టి కబురు.

1990లో ఆఫీసు పీసీకి అది చేతనయ్యేది కాదు. నింటెండో పెట్టెలో తెరను జరపడానికి ప్రత్యేకంగా ఓ చిప్ ఉండేది. పీసీలో మాత్రం ప్రతిసారీ తెరంతా గీసుకోవాల్సిందే, ఆ లోపల ఆట నత్తనడకే. అమెరికాలోని లూసియానాలో, ష్రీవ్‌పోర్ట్ అనే ఊళ్లో, సాఫ్ట్‌డిస్క్ అనే కంపెనీలో పనిచేసే 20 ఏళ్ల జాన్ కార్మాక్‌కి ఓ ఉపాయం తట్టింది. నీలాకాశం పక్కన మళ్లీ నీలాకాశమేగా వచ్చేది, దాన్ని కొత్తగా గియ్యడమెందుకు? మారిన ముక్కలు మాత్రం గీస్తే చాలదూ? గోడంతా సున్నం కొట్టకుండా పెచ్చులూడిన చోటే పూత వేసినట్టన్నమాట.

సెప్టెంబరులో ఓ రాత్రి కార్మాక్, టామ్ హాల్ కలిసి సూపర్ మారియో బ్రదర్స్ 3లోని మొదటి లెవెల్‌ని తెల్లారేసరికి పీసీలోకి దించేశారు. మారియో బదులు తమ సహోద్యోగి జాన్ రొమేరో సృష్టించిన డేంజరస్ డేవ్‌ని పెట్టారు. ఆ ఫ్లాపీ రొమేరో బల్ల మీద వదిలేసి ఇంటికెళ్లి పడుకున్నారు. దానికి పెట్టిన పేరు ‘డేంజరస్ డేవ్ ఇన్ కాపీరైట్ ఇన్‌ఫ్రింజ్‌మెంట్’. దొంగతనం చేసి చీటీ కూడా రాసిపెట్టారు, ఎంత నిజాయితీ!

రొమేరో చూసి ఊరుకోలేదు. ఇది నింటెండోకే అమ్మాలన్నాడు. ఆఫీసు కంప్యూటర్లను వారాంతాల్లో కార్లకెక్కించి చెరువు ఒడ్డున ఉన్న ఇంటికి తరలించారు. (అవును, అడక్కుండానే.) ఈసారి అసలు మారియోతోనే డెమో చేసి పంపారు. నింటెండోవాళ్లు బాగుందన్నారు, వద్దన్నారు.

నింటెండోవాళ్లకి ముందుచూపు లేదని చాలామంది నవ్వుతారు గానీ, నేనొప్పుకోను. వాళ్ల వ్యాపారం పెట్టె అమ్మడం. మారియో ఆఫీసు కంప్యూటర్లో దొరికేస్తే ఆ పెట్టె కొనేదెవరు?

కుర్రాళ్లు మాత్రం చేతిలో పనితనాన్ని వృథా పోనివ్వలేదు. అదే పద్ధతి మీద, హెల్మెట్ పెట్టుకున్న ఎనిమిదేళ్ల బుడ్డోడితో ‘కమాండర్ కీన్’ తయారుచేశారు. 1990 డిసెంబరు 14న అపోజీ సంస్థ విడుదల చేసింది. మరుసటి ఏడాది వాళ్ల సొంత కంపెనీ ఐడీ సాఫ్ట్‌వేర్, 1993లో డూమ్. ఆ పేర్లు తెలియని గేమర్ ఉండడు.

మారియో డెమో ఉందని లోకానికి గట్టిగా తెలిసింది 2015లో, రొమేరో వీడియో పెట్టాక. 2021లో ఆ డెమో ఉన్న ఓ ఫ్లాపీ న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్‌లో ఉన్న స్ట్రాంగ్ ఆటల మ్యూజియానికి చేరింది.

అన్నట్టు, పీసీలోకి మారియో రానేలేదనుకునేరు. వచ్చాడు, కొన్నాళ్లకే, నింటెండో అనుమతితోనే. గెంతడానికి కాదు లెండి, మనకు టైపింగ్ నేర్పడానికి.