తాత చెప్పొద్దన్న తలనొప్పి

మా ఇంట్లో అమ్మది తమిళం, నాయనది తెలుగు. తాతకు రెండూ వచ్చు. కానీ నొప్పి, భయం మాత్రం తెలుగులోనే చెప్తాడు, అదీ నాతోనే. పోయిన సెలవుల్లో ఆ అలవాటే నన్ను ఇరకాటంలో పెట్టింది.

ఒకరోజు తాతకు కుడి చెయ్యి కాసేపు స్వాధీనం తప్పి, మళ్ళీ సర్దుకుంది. స్కాన్ తీస్తే, మెడలో ఎడమపక్క మెదడుకు రక్తం తీసుకుపోయే కెరోటిడ్ ధమని బాగా పూడిపోయిందన్నారు. స్టెంట్ వేసి మూడో రోజు ఇంటికి పంపారు. గండం గడిచిందనుకున్నాం.

ఇంటికొచ్చిన రెండో రాత్రి తాత నన్ను పిలిచి, "ఎడమ కణత పగిలిపోతా ఉంది పాపా. మీ నాయనకు చెప్పబాకు, ఇప్పటికే వాడికి శానా అప్పయింది" అన్నాడు. నిద్ర లేక వచ్చిందేమో అనుకుని, అమృతాంజనం రాసి పడుకోబెట్టాను. తెల్లారేసరికి ఆయన మాట తడబడుతోంది. అప్పుడు నాయనను లేపాను. ఆసుపత్రిలో చూస్తే బీపీ 200 దాటింది.

దీన్ని హైపర్‌పర్ఫ్యూజన్ సిండ్రోమ్ అంటారట. డాక్టరమ్మ తమిళంలో విడమర్చి చెప్పింది. చాలాకాలం రక్తం చాలని మెదడులో చిన్న రక్తనాళాలు, వచ్చే ఆ కాస్తా అందుకోడానికి వెడల్పయి ఉంటాయి. పెద్దదారి ఒక్కసారిగా తెరుచుకుంటే వెంటనే ముడుచుకోవడం వాటికి చేతకాదు. రక్తం ఎక్కువై మెదడు వాస్తుంది. ఫిట్స్ రావచ్చు, నాళం చిట్లనూవచ్చు. అరుదే, కానీ నెలదాకా జాగ్రత్తగా ఉండాలి. స్టెంట్ వేసిన పక్క విపరీతమైన తలనొప్పి దానికి హెచ్చరిక. బీపీని అదుపులో పెట్టడమే ముఖ్యమైన వైద్యం.

తర్వాత అదంతా తాతకు తెలుగులో చెప్తే, "చెరువు తూము ఒక్కసారే ఎత్తితే కయ్యల గట్లు తెగవా మరి?" అన్నాడు. నాకు సరిగ్గా అర్థమైంది అప్పుడే.

అదృష్టం, రక్తస్రావం కాలేదు. నాలుగు రోజులు ఐసీయూలో ఉంచి మందులతో బీపీ దించారు. మాట తిరిగి వచ్చింది.

మొదటిసారి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన తమిళ కాగితంలో, తలనొప్పి వస్తే వెంటనే తీసుకురమ్మని ఉంది. ఇంట్లో అందరికన్నా బాగా చదివిన నేను దాన్ని మందుల సంచిలోంచి తియ్యనే లేదు. తాత మాట దాచడమే ప్రేమ అనుకున్నాను. ఆ ఒక్క రాత్రి తలుచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

ఇప్పుడు కాలేజీకి బయలుదేరే ముందు రోజూ బీపీ చూసి నోటుబుక్కులో రాస్తున్నాను. ఆ కాగితాన్ని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి తాత మంచం పక్కన గోడకు అంటించాను. "నా మీద పోలీసును పెట్టినావే" అని తాత నవ్వుతాడు. మీ ఇంట్లోనూ ఎవరైనా "చెప్పబాకు" అంటే, దయచేసి చెప్పేయండి.