జడ, గజ్జెలు, కొల్లేటి రోడ్డు

ఏలూరు గురించి బయటివాళ్లకు చెప్పమంటే మా ఊళ్లో ఎవరైనా రెండు మాటలతో మొదలుపెడతారు. ఒకటి కాలవ, రెండు తివాచీలు. కాలవ ఊరిని వన్ టౌన్, టూ టౌన్ అని రెండు ముక్కలు చేసింది. తివాచీల పని ఎప్పుడో పర్షియా నుంచి వచ్చినవాళ్లు తెచ్చిందంటారు. తంగెళ్లమూడి వైపు ఈ నేతకి చాలా పాత పేరు. నేను మూడోది కూడా చెబుతాను. తెల్లారగట్ల ఐదున్నరకి చెప్పుల్లేకుండా డాబాల మీదికి ఎక్కే అమ్మాయిలు ఈ ఊళ్లో ఉన్నారు. అందులో నేనొకదాన్ని.

నేర్చుకునేది కూచిపూడి. "ఓ, భరతనాట్యమా!" అని మెచ్చుకునేవాళ్లు వారానికి ఒకరైనా తగులుతారు. కూచిపూడి అనే ఊరు మాకు పక్క జిల్లాలోనే ఉంది, అయినా అంతే. మొదట్లో సరిదిద్దేదాన్ని. ఇప్పుడు "ఆయ్, అదేనండి" అనేసి ఊరుకుంటున్నా.

ఊరి పేరు తివాచీలది గానీ మాకు తివాచీ పనికిరాదు. ఊలు మీద అడుగు వేస్తే చప్పుడు రాదు. చప్పుడు రాని అడుగు మా మాస్టారి లెక్కలో అడుగే కాదు. అలాగని గచ్చు మీద రోజూ కొడితే మడమలు, మోకాళ్లు పోతాయి. మా డాబా మీద ఒక మూల పాత నాపరాళ్లు పరిచి ఉన్నాయి. అదే నా స్టేజీ. ముందు అరమండిలో కూర్చుని పదిహేను నిమిషాలు, తర్వాత అడవులు. ఒక్కో అడవూ మూడు కాలాల్లో. (అడవులంటే చెట్లు కాదు ఫ్రెండ్స్, నాట్యంలో అక్షరాభ్యాసం లాంటివి.) కింద వాటాలో ఉండే బామ్మగారు మొదటి నెల పైకి వచ్చి తిట్టారు. ఇప్పుడు ఏ రోజైనా నేను మానేస్తే "ఒంట్లో బాగాలేదా అమ్మడూ, ఇవాళ లేవడం ఆలస్యమైంది నాకు" అని అడుగుతున్నారు.

తొమ్మిదికి కాలేజీ. డిగ్రీ ఆఖరి సంవత్సరం, కామర్స్. సాయంత్రం మళ్లీ క్లాసు. రాత్రి భోజనమయ్యాక ఫోను. అందరూ చేసేదే నేనూ చేస్తా, రీల్స్. ఇక్కడో నిజం చెప్పుకోవాలి. ఆరు నెలలు కష్టపడ్డ తరంగంలో, ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి నడిచిన ముప్పై సెకన్ల ముక్క పెడితే రెండొందల లైకులు. అదే డాబా మీద నైట్ ప్యాంటుతో సినిమా పాటకి సరదాగా వేసిన స్టెప్పులకి పదకొండు వేలు. బాధపడ్డానా అంటే, పడలేదు. రెండూ నేనే కదా. సినిమా పాటంటే నాకు ప్రాణం. కూచిపూడి నేర్చుకునే పిల్ల సినిమా స్టెప్పు వేస్తే మైలపడిపోతుందన్నట్టు చూసేవాళ్లని మాత్రం నేను లెక్కచేయను.

డబ్బు సంగతి వేరే. ఒక ఉత్సవంలో మా బ్యాచ్ ఆరుగురం నలభై నిమిషాలు చేశాం. డ్రెస్సుల అద్దె మాది, మేకప్ ఆయనకి ఇచ్చింది మేమే, వ్యాను కిరాయి మేమే. వాళ్లిచ్చింది ఒక్కొక్కరికి ఓ శాలువా, ప్లాస్టిక్ మెమెంటో. అదే రాత్రి, అదే స్టేజీ మీద, మా తర్వాత ఎక్కిన రికార్డింగ్ డాన్స్ ట్రూపుకి చేతిలో కవరు పెట్టి పంపించారు. వాళ్లకి ఇవ్వడం తప్పని నేననను. వాళ్లదీ చెమటే. శాలువాతో కరెంటు బిల్లు కట్టలేం, అంతే.

అందుకే శనివారాలు గూడెం వెళ్తాను. తాడేపల్లిగూడేన్ని ఈ వైపు ఎవరూ పూర్తి పేరుతో పిలవరు. ఏలూరు నుంచి యాభై కిలోమీటర్లలోపే, ప్యాసింజరు రైలెక్కితే దెందులూరు, భీమడోలు, పూళ్ల అంటూ ఆగుతూ ఆగుతూ పోతుంది. కిటికీకి రెండు వైపులా వరి, మధ్యమధ్యలో చేపల చెరువులు, గట్ల మీద కొబ్బరి చెట్లు. నేను ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒళ్లో చేతులతో జతులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటా. ఎదురు సీటు ఆవిడ ఒకసారి "ఏవైనా మొక్కా అమ్మా?" అని అడిగింది.

దెందులూరు వచ్చినప్పుడల్లా నాకు కొవ్వలి గుర్తొస్తుంది. ఈ మండలంలోదే ఆ ఊరు. 1960 డిసెంబరు 2న వడ్లపాటి విజయలక్ష్మి అనే అమ్మాయి అక్కడ పుట్టింది. నాలుగో తరగతితో చదువు ఆగిపోయింది. చిన్న వయసులోనే పెళ్లి చేశారు, అది నిలవలేదు. మద్రాసు వెళ్లి, మేకప్ పనులు చేస్తూ, 'వండిచక్రం' అనే తమిళ సినిమాలో సిల్క్ అనే పాత్ర వేసింది. ఆ తర్వాత పేరే సిల్క్ స్మిత అయిపోయింది. దక్షిణాది భాషలన్నిటిలో వందల సినిమాలు. 1996 సెప్టెంబరులో చనిపోయేనాటికి ఆమెకు 35 ఏళ్లు. 2011లో హిందీలో 'ది డర్టీ పిక్చర్' వచ్చాక దేశమంతా మళ్లీ మాట్లాడుకుంది.

మా ప్రాంతం నుంచి దేశమంతా పేరు తెలిసిన డాన్సర్ ఎవరంటే ఆవిడే. కానీ మా క్లాసుల్లో ఆ పేరు ఎత్తరు. ఇంట్లో ఎత్తితే మా అమ్మమ్మ "ఎందుకే ఇప్పుడు ఆ మాటలు" అంటుంది. అమ్మమ్మ తనకంటే కొంచెం పెద్దది. అదే నీళ్లు తాగి పెరిగిన మనిషి. ఒకరోజు తనంతట తానే అంది: "ఆ పిల్లకి ఎవరైనా సరిగ్గా నేర్పి ఉంటే..." అని, మళ్లీ వెంటనే "నేర్పినా ఎవరు చూస్తార్లే" అని. నేను యూట్యూబ్‌లో ఆవిడ పాటలు చూస్తాను. కళ్లు చూడండి. కెమెరా ఎటు పోయినా ఆ కళ్లు తాళం తప్పవు. అభినయం క్లాసులో మాకు ఏళ్ల తరబడి నేర్పేది అదే.

గూడెంలో నా క్లాసు ఒక అపార్ట్‌మెంట్ పై అంతస్తు హాల్లో. పధ్నాలుగు మంది పిల్లలు, పదమూడు మంది అమ్మాయిలు, ఒక అబ్బాయి. ఎనిమిదో తరగతి. అందరికంటే వాడి కళ్లే బాగా పలుకుతాయి. వాళ్లమ్మ మొదటిరోజే పక్కకి పిలిచి "స్కూల్లో తెలిస్తే ఏడిపిస్తారండి, ఫోటోలు పెట్టకండి" అంది.

ఇందులో నవ్వొచ్చే సంగతి ఏమిటంటే, ఇరవయ్యో శతాబ్దం మధ్య దాకా కూచిపూడి మేళాల్లో ఆడేదంతా మగవాళ్లే. సత్యభామా వాళ్లే, రుక్మిణీ వాళ్లే. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి, ఆ తర్వాత మద్రాసులో వెంపటి చినసత్యం లాంటి గురువులు ఆడపిల్లలకి నేర్పడం మొదలుపెట్టాకే మేమంతా వచ్చాం. వేదాంతం సత్యనారాయణ శర్మ గారైతే సత్యభామ వేషానికి పెట్టింది పేరు. ఆ వేషంతోనే పద్మశ్రీ దాకా వెళ్లారు. అరవై డెబ్భై ఏళ్లలో లెక్క మొత్తం తిరగబడిపోయింది, ఇప్పుడు అబ్బాయి దాక్కుంటున్నాడు.

వాడికి ఇవన్నీ చెప్పి, క్లాసయ్యాక రేలంగి గారి హాలు వైపు నడిపించాను. హాస్యనటుడు రేలంగి వెంకట్రామయ్య గూడెంలోనే స్థిరపడి సినిమా హాలు కట్టించారు. ఆయన కూడా నాటకాల రోజుల్లో ఆడవేషం కట్టినవారే. వాడు కాసేపు ఆలోచించి "ఆయన్ని కూడా ఏడిపించారా అక్కా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. పకోడీ కొనిపెట్టాను.

గూడెం పకోడీ గురించి ఒక్క పేరా రాయకపోతే ఆ ఊరివాళ్లు నన్ను రైలెక్కనివ్వరు. ఇక్కడ ఉల్లిపాయల మార్కెట్ పెద్దది. కర్నూలు నుంచి, మహారాష్ట్ర నుంచి లారీలు వచ్చి ఆగుతాయి. ఉల్లి అంత దగ్గరగా ఉంటే పకోడీ ఇలాగే ఉంటుంది. మెత్తగా ఉండదు, గట్టిగా కరకరలాడాలి. కాగితం పొట్లంలో కట్టించుకుని రైల్లో తింటే ఏలూరు వచ్చేలోపు అయిపోతుంది. డాన్సర్లు డైట్ చేస్తారని ఎవరైనా చెబితే నమ్మకండి. టైముంటే రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే వైపు కూడా వెళ్లండి. విమానాలు రావు, సాయంత్రం గాలి మాత్రం బాగుంటుంది.

ఇక ఆదివారం నాన్నది. నాన్న చేపల ప్యాకింగ్ దగ్గర గుమస్తా. కొల్లేటి చుట్టుపక్కల చెరువుల్లో పట్టిన బొచ్చె, శీలావతి ఐసు పెట్టెల్లో సర్ది లారీల్లో బెంగాల్ వైపు పంపుతారు, ఆ లెక్కలు రాస్తాడు. ఆదివారం పొద్దున బండి మీద నన్ను ఎక్కించుకుని కైకలూరు రోడ్డు పట్టుకుంటాడు. చిన్నప్పటి నుంచీ అలవాటు.

ఏలూరు దాటిన కాసేపటికే ఇళ్లు పల్చబడి, ఆకాశం ఒక్కసారిగా వెడల్పవుతుంది. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు ఇది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చి పోస్తాయి, ఉప్పుటేరు సముద్రానికి తీసుకుపోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగింది గుర్తుందా? ఆ నీళ్లన్నీ చివరికి చేరింది ఇక్కడికే. 1999లో 308 చదరపు కిలోమీటర్లని అభయారణ్యం చేశారు, 2002లో రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. అప్పటికే సరస్సులో చాలా భాగం చేపల చెరువుల గట్లతో గళ్లుగళ్లుగా మారిపోయి ఉంది. 2006లో ప్రభుత్వం ఆ గట్లు కొట్టించింది. ఆపరేషన్ కొల్లేరు అంటే ఇక్కడ ముసలివాళ్లు ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడతారు. అప్పుడు నాన్నకి నాలుగు నెలలు పనిలేదు.

నేను ఇన్‌స్టాలో 'సేవ్ కొల్లేరు' అని స్టోరీ పెట్టినప్పుడు నాన్న చూసి ఏమీ అనలేదు. తర్వాతి ఆదివారం బండి మీద ముందుకే చూస్తూ అన్నాడు: "చెరువులు లేకపోతే నీ కాళ్లకి గజ్జెలు లేవు తల్లీ." నిజమే. నా మొదటి గజ్జెలు ఆ ఏడాది చేపల సీజన్ బోనస్‌తో కొన్నవి. సరస్సు బతకాలనే నేను ఇప్పటికీ అంటాను. కాళ్లకి కట్టుకున్నది ఏమిటో కూడా నాకు తెలుసు.

కైకలూరు దగ్గర ఆటపాక పక్షుల కేంద్రం ఉంది. అక్టోబరు నుంచి మార్చి లోపల వెళ్లండి, పొద్దున్నే వెళ్లండి. పక్షుల కోసం నీళ్లలో ఇనప స్టాండ్లు నిలబెట్టారు. వాటి మీద గూడబాతులు కుటుంబాలతో సహా కాపురం పెట్టి ఉంటాయి. ఎర్రకాళ్ల కొంగలు కూడా వస్తాయి. బోటులో దగ్గరగా తిప్పుతారు. గూడబాతు నడిస్తే నవ్వొస్తుంది, మొదటి నెల డాన్స్ పిల్లలాగా. గాల్లోకి లేచిందా, ఇంక మాటల్లేవు. నీటి మీద దిగేటప్పుడు రెండు పాదాలూ ముందుకి చాపి, రెక్కలు విప్పి, ఒళ్లంతా బరువు తెలిసినట్టు దిగుతుంది. మా హస్తాల్లో మయూరం ఉంది, హంసాస్యం, హంసపక్షం ఉన్నాయి, చిలక ముక్కుకి శుకతుండం ఉంది. గూడబాతుకి ముద్ర లేదు. ఎవరో ఒకరు కనిపెట్టాలి. నేను రెండు చేతులతో ట్రై చేస్తుంటే బోటు తాత "పాపా, ఊగకు, పడిపోతాం" అన్నాడు.

మధ్యాహ్నం కొర్రమీను పులుసు. దొరికితే కొల్లేటికోట పెద్దింట్లమ్మ దర్శనం.

పోయిన ఆదివారం నాన్న కైకలూరులో బండి ఆపి టీ చెప్పాడు. అక్కణ్నుంచి రోడ్డు ముదినేపల్లి, గుడివాడ, పామర్రు మీదుగా పోతే కూచిపూడి. సిద్ధేంద్ర యోగి పేరు మీద కళాపీఠం ఉంది అక్కడ. డిగ్రీ అయ్యాక నాట్యంలో పీజీ చేయాలని నాకు, బ్యాంకు కోచింగ్‌కి విజయవాడ పంపాలని ఇంట్లో. మూడు నెలలుగా ఈ మాట ఇంట్లో కంచాల దగ్గర తిరుగుతోంది, ఎవరూ గట్టిగా పట్టుకోవడం లేదు.

టీ తాగుతూ నాన్న అడిగాడు. "ఆ సత్యభామ జడ సంగతేంటి? మీ మాస్టారు ఏదో అన్నారు."

చెప్పాను. భామాకలాపంలో సత్యభామ ముందు తెర వెనకే ఉంటుంది. తెర మీదుగా తన జడ ఇవతలికి వేస్తుంది. అది సవాలు. నన్ను మించి ఆడేవాళ్లుంటే వచ్చి ఈ జడ పట్టుకోండి అని. ఓడితే జడ కోసుకోవాలట పాతరోజుల్లో. ఆ జడ అల్లడమే పెద్ద పని. సవరం కలిపి, పైన నాగరం, సూర్యుడు, చంద్రుడు, కింద కుప్పెలు. బరువుకి మెడ లాగేస్తుంది. వచ్చే నెల వై.ఎం.హెచ్.ఎ. హాల్లో మొదటిసారి నేను ఆ ప్రవేశ దరువు చేస్తున్నా. మాస్టారు జడ వేసే ముందు ఒక్కటే అడిగారట నాన్నని: "మీ అమ్మాయి దీన్ని ఎంతకాలం మోస్తుందండీ?"

"నువ్వేమన్నావు నాన్నా?"

"నాకేం తెలుసమ్మా, దాన్నే అడగండి అన్నాను. మాస్టారు అడిగారా?"

అడగలేదు. నాన్న గ్లాసు కింద పెట్టి, కొట్టువాణ్ని కూచిపూడికి బస్సు ఎన్ని గంటలకని అడిగాడు. గుడివాడలో మారాలన్నాడతను.

ఈ వారం రెండు ఫారాలూ నింపాను. బ్యాంకు పరీక్ష ఫీజు నాన్న కట్టాడు. రెండోది గూడెం పిల్లల డబ్బుల్లోంచి నేను కట్టుకున్నా.