కాటా, కాంటాక్టరు, గ్యాస్ లైటరు

ఇంట్లో ఒక్క సాఫ్టువేరు ఇంజనీరుంటే చాలు, ప్రింటరు దగ్గర్నుంచి ఇన్వర్టరు దాకా ఏది మొరాయించినా మనకే ఫోను. గుంటూరులో ఎలక్ట్రానిక్ కాటాలు రిపేరు చేసే మా బాబాయి కొడుకూ అలాగే పట్టుకున్నాడు. "అన్నయ్యా, కోల్డు స్టోరేజీలో కాటా ఉన్నట్టుండి బిగుసుకుపోతోంది. ప్రోగ్రాంలో బగ్గేమో చూడవా?"

ఎప్పుడు బిగుసుకుంటోందిరా అనడిగా. కంప్రెసర్ ఆగిన ప్రతిసారీ కాదట, కానీ ఎప్పుడు బిగుసుకున్నా కంప్రెసర్ ఆగినప్పుడేనట. ఇక కోడు తెరవబుద్ధి కాలేదు.

మిర్చి రైతు మంచి ధర కోసం టిక్కీలు కోల్డు స్టోరేజీలో దాచుకుంటాడు. కాటా చూపిన అంకే రసీదు మీదికెక్కుతుంది. ఆ అంకె వెనకున్న సిగ్నలు ఎంతనుకున్నారు? వోల్టుకి 2 మిల్లీవోల్టులిచ్చే లోడ్ సెల్‌కి 5 వోల్టులిస్తే, పూర్తి బరువు పెట్టినా వచ్చేది 10 మిల్లీవోల్టులే. 100 కిలోల కాటా 20 గ్రాముల తేడా చూపాలంటే దాన్ని 5000 ముక్కలు చెయ్యాలి. అంటే ముక్కకి 2 మైక్రోవోల్టులు! పక్కనేమో కంప్రెసర్ కాంటాక్టరు. దాని కాయిల్‌కి కరెంటు తెగిన క్షణాన వోల్టేజీ ఒక్కసారిగా లేచి, తెగే కాంటాక్టుల మధ్య నిప్పురవ్వలై పేలుతుంది. ఒకటి కాదు, వరసగా బోలెడు పల్సులు. ఐఈసీ 61000-4-4 పరీక్షలో వాడేవి వీటి నకళ్ళే: 5 నానోసెకన్లలో లేచి, 50 నానోసెకన్లుండే పల్సుల గుంపులు.

చెన్నై తరమణిలోని సమీర్ లాంటి ల్యాబులు ఆ పరీక్ష చేస్తాయి. కానీ పరీక్ష తప్పిందని తెలిస్తే సరిపోదు కదా, బోర్డు మీద ఏ మూల తప్పిందో తెలియాలి. అక్కడ పనికొచ్చేది చేతిలో పట్టే పల్సు జనరేటరు. బ్యాటరీతో నడుస్తుంది, కొసన చిన్న తీగచుట్ట. పాతకాపులు దీని బదులు వంటింటి గ్యాస్ లైటరు నొక్కేవారు. అదీ వేల వోల్టుల రవ్వే, కానీ ఒక్కో నొక్కుకి ఒక్కో బలం. పైగా రవ్వ నేరుగా బోర్డు మీద పడిందో, చిప్పు కైలాసానికే :)

హైదరాబాదులో ఒక హార్డువేరు మిత్రుడి దగ్గర జనరేటరు అరువు తెచ్చి, తమ్ముడి షాపులో సీలు లేని అదే రకం కాటా ముందు కూర్చున్నాం. బలం తగ్గించి మొదలెట్టాలి, లేకపోతే ఎక్కడ పెట్టినా చచ్చి ఏమీ తేలదు. పెద్ద చుట్టతో వెతికి, అనుమానం వచ్చినచోట చిన్న చుట్ట. తిప్పి తిప్పి చూడాలి, అయస్కాంత క్షేత్రానికి దిశ ముఖ్యం. లోడ్ సెల్ కేబులు లోపలికొచ్చే చోట పెట్టగానే అంకె ఆగిపోయింది. కేబులు షీల్డుని మెలితిప్పి తోకలా చేసి, బోర్డు అవతలి కొసన అతికారు. అంటే చెత్తంతా లోపలికి తెచ్చుకుని మరీ భూమికి పంపుతున్నారన్నమాట. షీల్డుని లోహపు పెట్టెకే క్లిప్పుతో అదిమి, మళ్ళీ పల్సులు కొడితే... అంకె కదల్లేదు. ఇంకోటి రీసెట్ పిన్ను దారి, బోర్డంతా ఊరేగి వస్తోంది. పిన్ను పక్కనే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పడ్డాక అదీ నోర్మూసుకుంది.

"ఇదంతా ఎందుకు, వాచ్‌డాగ్ టైమరు పెడితే అదే రీస్టార్టవుతుంది కదా" అంటారు మనవాళ్ళు. సర్వర్లకి సరే. తూకం మధ్యలో కాటా రీస్టార్టయితే, తీసేసిన గోతాం బరువు లెక్క కూడా ఎగిరిపోతుంది. తర్వాత కనబడే అంకె బుద్ధిగానే ఉంటుంది, తప్పని ఎవరికీ తోచదు. బిగుసుకుపోయిన కాటాయే నయం, కనీసం గొడవైనా అవుతుంది.

కాంటాక్టరు కాయిల్‌కి అడ్డంగా రెసిస్టరు, కెపాసిటరు కలిపిన స్నబ్బరు ఒకటి వేయమని కూడా చెప్పాను. అసలు రోగం పుట్టేది అక్కడే. కోల్డు స్టోరేజీలోని కాటా సీలు విప్పి మార్పులు చేస్తే తూనికలు కొలతల శాఖ వాళ్ళు మళ్ళీ సరిచూసి ముద్ర వెయ్యాలి. తమ్ముడు ప్రస్తుతం ఆ పని మీదే తిరుగుతున్నాడు.